క్లచ్చు నెఱిఁగిన పాదము

1989లో చికాగో ప్రదర్శనలో మాజ్దా సంస్థ ఆవిష్కరించిన మియాటా వంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును పాతదిగాఁ గొనఁబోవువాని కన్ను మెఱుఁగు రంగుమీఁద నిలుచును గాని, అనుభవజ్ఞుఁడైన మెకానికు పాదము నేరుగా క్లచ్చు పెడలును వెదకును. గేరుపెట్టె దింపనిదే కంటఁబడని క్లచ్చు పలకయొక్క అరుగుదలను, పై గేరులో బండి మందగమనమున నుండఁగా ఆక్సిలరేటరును గట్టిగాఁ ద్రొక్కి, ఇంజను వేగము పెరిగియు బండి వేగము పెరుగకుండుటనుబట్టి అతఁడు గ్రహించు విధము, నాడి పట్టి రోగమును జెప్పు వైద్యుని నేర్పునకుఁ దీసిపోదు. పెడలు మిక్కిలి పైకి వచ్చినఁగాని పట్టు దొరకకున్నను, కాలిన వాసన సోఁకినను, అతఁడు తల యడ్డముగా నూపును. అమ్మువాని వాగ్ధాటి యచటఁ జెల్లదు. (నూనె కారి పలకకంటినను పట్టు జాఱునని చెప్పు నిజాయితీయు నతనికిఁ గలదు.) పలకను మార్చుటలో గేరుపెట్టెను దింపి యెక్కించు కూలియే భారము. కావున బేరమునకు ముందే అట్టివాని నొకని వెంటఁ గొనిపోవుఁడు.