ముందు కేస్‌షీట్ అడగండి

ఆస్పత్రి మీద కేసు వేయాలని వచ్చినవాళ్లు మొదట బిల్లులు బయటికి తీస్తారు. ఎంత కట్టారో, ఏం అమ్ముకుని కట్టారో చెబుతారు. అదంతా తొందరపెట్టకుండా వినాలి. విన్నాక నేను అడిగేది ఒక్కటే: "కేస్‌షీట్ తీసుకున్నారామ్మా?"

చాలామంది దగ్గర డిశ్చార్జి సమ్మరీ తప్ప ఇంకేమీ ఉండదు. అది అంతా అయ్యాక ఆస్పత్రి రాసిన కాగితం. గంటగంటకీ ఏం జరిగిందో తెలిసేది కేస్‌షీట్‌లోనే: డాక్టర్ల రౌండ్స్ నోట్సు, సిస్టర్ల చార్టు, ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు రికార్డు. రోగి గానీ, రోగి తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు. కాగితం మీద రాసివ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కడుపుమంటతో అద్దాలు పగలగొడితే మాత్రం తిరిగి మీమీదే కేసు పడుతుంది.

కేస్‌షీట్ చేతికొస్తే నేను మందుల పేర్ల జోలికి వెంటనే పోను. ముందు వేళలు చూస్తాను. ఒక బాలింత కేసులో రాత్రి ఒంటిగంటన్నరకి సిస్టర్ రాసింది, రక్తస్రావం ఎక్కువగా ఉంది, డ్యూటీ డాక్టరుకి చెప్పాను అని. రెండున్నరకి మళ్లీ అదే మాట, పక్కన పడిపోతున్న బీపీ అంకెలు. డాక్టరు చేతిరాత కనబడింది అయిదింటికి. మధ్యలో ఉన్న ఖాళీయే మా కేసు. ఆ సిస్టర్ ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఆ అమ్మాయి తల్లిదండ్రులకి మాట్లాడటానికి ఆధారమే ఉండేది కాదు. ఆవిడంటే నాకు చాలా గౌరవం.

అన్ని కేస్‌షీట్లూ అలా ఉండవు. ప్రాణం పోయినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదు. ఆ పరిస్థితిలో మరో డాక్టరున్నా అదే చేసేవాడంటే కేసు నిలవదు. కాగితాలు ఆ విద్య తెలిసిన డాక్టరుకి చూపించి, ఆయన అదే మాటంటే, దాన్ని కుటుంబం ఎదుట కూర్చుని చెప్పాలి. చాలా కష్టమైన పని అది. అయినా ఫీజు కోసం వకాలత్ రాయించుకుని, నిలవని కేసులో వాళ్లని ఏళ్లతరబడి వాయిదాలకి తిప్పడం రెండో అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. రెండేళ్లలోపు వేయాలి. ఆస్పత్రి హైదరాబాద్‌లో ఉన్నా, మీరు శ్రీకాకుళంలో ఉంటే అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చికిత్సకి కట్టింది 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, కానీ వైద్యం కేసుల్లో ఉంటేనే మంచిది. ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని పెడుతుంది. 15100కి ఫోన్ చేసి అడగండి.

సంతకాల కాగితాన్ని కూడా తేలిగ్గా చూడకండి. 1990లో నిమ్స్‌లో ఇరవయ్యేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ ఏమిటో తేల్చే పరీక్ష చేస్తామని చెప్పి, గడ్డే తీసేశారు. నడుము కింద భాగం చచ్చుబడింది. తీసేయడానికి అతని సమ్మతి లేదనీ, న్యూరోసర్జన్‌ని పిలవకపోవడం తప్పనీ సుప్రీంకోర్టు 2009లో చెప్పి, కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. తన వాదన అతనే వినిపించుకున్నాడు. అందుకే ఇంగ్లిష్‌లో అచ్చేసిన ఫారం కింద తెలుగు సంతకం కనబడితే నేను ఆగి అడుగుతాను: ఇందులో ఏముందో మీకు ఎవరైనా చదివి చెప్పారా? సంతకం పెట్టేటప్పుడు ఈ గళ్లు నింపి ఉన్నాయా?

కేస్‌షీట్ వచ్చేలోగా ఇంట్లో కూర్చుని గుర్తున్నదంతా తేదీలవారీగా రాసిపెట్టండి. ఎవరు ఏ పూట ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. పక్క మంచం రోగి తాలూకు వాళ్ల ఫోను నంబరు మీ దగ్గరుంటే అది కూడా రాయండి. ఆ రాత్రి వార్డులో మీతోపాటు మెలకువగా ఉన్నది వాళ్లే.