నీళ్ల చప్పుడు వినబడని గొట్టం

స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ విల్సన్ 1960లలో బీవర్లను పెంచుతూ, వాటి నడవడికను గమనిస్తూ ఒక పరీక్ష చేశాడు. పారే నీటి చప్పుడును రికార్డు చేసి, నీళ్లు పారని చోట స్పీకరులో వినిపించాడు. బీవర్లు వచ్చి ఆ చప్పుడు వస్తున్న చోటే కొమ్మలూ మట్టీ పోగేశాయి. బీవర్‌కు నీటి చప్పుడు వినబడిందంటే కట్టకు ఎక్కడో గండి పడినట్టే లెక్క. దాన్ని పూడ్చేదాకా దానికి నిలకడ ఉండదు.

ఈ సంగతి పట్టుకుని అమెరికాలో కొందరు ఒక వృత్తి నిలబెట్టుకున్నారు. బీవర్లకూ మనుషులకూ మధ్య తగువు తీర్చడం వాళ్ల పని. కొంతకాలంగా నేను వాళ్ల పనిని దగ్గరగా గమనిస్తున్నాను. ఇంత ఓపిక కావలసిన చేతిపని మరొకటి నాకు కనబడలేదు.

మన దేశంలో బీవర్ లేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. ఉడుతలాగా కొరికి తినే జాతి. పెద్దది పదహారు నుంచి ముప్ఫై కిలోలు తూగుతుంది. చెట్ల బెరడు, ఆకులు, నీటి మొక్కలు తింటుంది, చేపను ముట్టదు. పళ్లలో ఇనుము ఉండడం వల్ల అవి నారింజ రంగులో ఉంటాయి. వాగుకు అడ్డంగా కట్ట కట్టి నీరు నిలుపుతుంది, ఆ నీటి అడుగున వాకిలి ఉండేలా గూడు కట్టుకుంటుంది. వాకిలి బయటపడితే వేటాడే జంతువుకు దారి దొరికినట్టే. అందుకే నీటిమట్టం తగ్గితే దానికి అంత కంగారు.

నేనుండే మసాచుసెట్స్‌లో బొచ్చు టోపీల వ్యాపారం, అడవుల నరికివేత కలిసి 1700ల చివరికల్లా బీవర్‌ను తుడిచిపెట్టాయి. మళ్లీ 1928లో వెస్ట్ స్టాక్‌బ్రిడ్జ్ దగ్గర ఒకటి కనబడింది. ఈ నడుమ కాలంలో మనుషులు వాగుల వెంట రోడ్లు వేశారు, కల్వర్టులు కట్టారు, పల్లపు నేలల్లో ఇళ్లు లేపారు. బీవర్ తిరిగొచ్చేసరికి దాని ఇంట్లో మనం కాపురం పెట్టేశాం. 1996లో ఈ రాష్ట్ర ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసి, జంతువును నలిపి చంపే రకం బోనుల వాడకాన్ని చాలావరకు కట్టడి చేశారు. ఇళ్లకో ఆరోగ్యానికో ముప్పుంటే స్థానిక ఆరోగ్య బోర్డు పది రోజుల అత్యవసర అనుమతి ఇవ్వవచ్చని 2000లో సవరణ వచ్చింది. పట్టి వేరే చోట వదలడానికి మాత్రం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. పోనీ చంపేస్తే తీరుతుందా అంటే, రెండేళ్లు నిండిన పిల్లలు వసంతంలో తల్లిదండ్రులను విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతాయి. సిద్ధంగా ఉన్న కుంట ఖాళీగా కనబడితే వాటికి అంతకంటే ఏం కావాలి?

అందుకని గొట్టం. చెరువు కట్టకు తూము తెలిసిన తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బీవర్ కట్ట గుండా ఒక లావాటి ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. నీరు ఏ మట్టం దాటకూడదో ఆ ఎత్తున గొట్టాన్ని కట్టలో నిలుపుతారు. తేడా ఏమిటంటే, ఈ తూమును కట్ట కట్టిన జీవికి తెలియకుండా పెట్టాలి. గొట్టం లోపలి మొనను కట్టకు దూరంగా, కుంటలో లోతున, ఇనుప జాలీ పంజరంలో ఉంచుతారు. నీళ్లు లోపలికి వెళ్లే చోట చప్పుడూ వినబడదు, లాగుడూ తెలియదు. బీవర్ కట్ట మీద తిరుగుతూ వెతుకుతుంది, కారుతున్న చోటు దొరకదు. జాలీ కన్ను ఆరంగుళాలుంటుంది. చేపలూ తాబేళ్లూ దూరతాయి, పెద్ద బీవర్ దూరదు.

కల్వర్టుకు ఉపాయం వేరు. సన్నటి కల్వర్టు నోరు బీవర్ కంటికి కట్టలో మిగిలిన చిల్లులా ఉంటుంది, రెండు రాత్రుల్లో మూసేయగలదు. వెర్మాంట్‌కు చెందిన స్కిప్ లైల్ 1990లలో మెయిన్ రాష్ట్రంలో పెనాబ్‌స్కాట్ తెగ వారి దగ్గర పని చేస్తూ దీనికి ఒక కంచె రూపొందించాడు. అది కల్వర్టు నోటి దగ్గర ఇరుకుగా మొదలై వాగులోకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. కంచె వెంట కట్టుకుంటూ పోయే బీవర్ నీళ్లు దూసుకుపోయే చోటుకు అంతకంతకూ దూరమైపోతుంది. జంతువుతో కుస్తీ పట్టకుండా దాని అలవాటునే ఆసరా చేసుకున్న ఆలోచన ఇది. నాకు ఎంతో ఇష్టం.

మా కాలనీ వెనక కుంటలో గొట్టం వేస్తున్నప్పుడు ఒడ్డున నిలబడి చూశాను. ఛాతీదాకా రబ్బరు సూటు తొడుక్కున్న పెద్దాయన కట్టను కొంచెం కొంచెంగా తవ్వుతున్నాడు. పక్కింటి అక్క శాలువా కప్పుకుని వచ్చి, "బేస్‌మెంట్లోకి నీళ్లొస్తే నువ్వొచ్చి తోడతావా తమ్ముడూ?" అంది. ఆమె మాటను ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పని ఆపి బయటికొచ్చాడు. ఆమెతో కలిసి పెరడంతా తిరిగాడు. నీళ్లు ఎందాకా వస్తే నీకు నిద్ర పడుతుందో చూపించమన్నాడు. ఆమె చూపించిన చోట కర్ర పాతి, దానికంటే కాస్త కిందికే గొట్టం దించాడు. మరీ దించితే గూటి వాకిలి బయటపడి బీవర్లు ఇంకోచోట కొత్త కట్ట మొదలుపెడతాయని, అందుకే ఇంతకంటే కుదరదని ఆమెకు ఓపిగ్గా చెప్పాడు.

ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. ఎన్ని అంగుళాల దగ్గర మనిషీ బీవరూ ఇద్దరూ ఒప్పుకుంటారో తేల్చడం. ఆ అక్క భయాన్ని జంతువు మీద ద్వేషంగా లెక్కేసే వాళ్లను చూశాను, అది అన్యాయం. అప్పు చేసి కొన్న ఇల్లు ఎవరికైనా ప్రాణమే.

వేసి వదిలేస్తే మాత్రం గొట్టం పనికిరాదు. రాలిన ఆకులు జాలీకి అడ్డం పడతాయి, మట్టి పేరుకుంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లైనా ఎవరో నీళ్లలోకి దిగి శుభ్రం చేయాలి. మన ఊళ్లలో తూముకు నీరటి ఉన్నట్టు దీనికీ ఒక మనిషి ఉండాలి. మసాచుసెట్స్‌లోనే ఈ వృత్తిలో ఉన్న మైక్ కాలహన్ 2017లో బీవర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి ఇతర రాష్ట్రాల వాళ్లకూ పని నేర్పిస్తున్నది ఇందుకే.

కాలిఫోర్నియాలోని మార్టినెజ్ ఊరి కథ కూడా చెప్పాలి. 2007లో ఊరి నడుమ అల్హాంబ్రా వాగులో బీవర్లు కట్ట కట్టాయి. వరదొస్తే దుకాణాలు మునుగుతాయని నగరపాలకులు వాటిని చంపించాలనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. హైడీ పెరీమన్ అనే మనస్తత్వ నిపుణురాలు ముందు నిలబడింది. స్కిప్ లైల్‌ను పిలిపించి గొట్టం వేయించారు. తర్వాత ఆ ఊళ్లో బీవర్ల పేరున పండగ కూడా మొదలైంది.

ఇంత శ్రమ ఎందుకంటే, బీవర్ నిలిపిన నీరు భూమిలోకి ఇంకుతుంది, చుట్టూ నేల తడిగా ఉంటుంది. ఎమిలీ ఫెయిర్‌ఫాక్స్ 2020లో తోటి పరిశోధకుడితో కలిసి ప్రచురించిన అధ్యయనం పశ్చిమ రాష్ట్రాల కార్చిచ్చుల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించింది. చుట్టూ అడవి కాలిపోతున్నా బీవర్ కట్టలున్న వాగుల గట్లు పచ్చగా మిగిలాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో తులాలిప్ తెగలు 2014 నుంచి, పల్లంలో జనంతో తగువు పడే బీవర్లను పట్టి కొండల్లోని వాగుల్లో వదులుతున్నాయి. సాల్మన్ చేపలకు ఆ కుంటలు కావాలని.

అన్నిచోట్లా గొట్టం కుదరదు. బొత్తిగా ఎత్తుపల్లాలు లేని పొలాల మురుగు కాలువలో ఒక్క అడుగు నీరు పెరిగినా పంట పోతుంది. 1966 నుంచి బీవర్లను తిరిగి తెచ్చుకున్న జర్మనీలోని బవేరియాలో రైతులకు సలహా చెప్పే శిక్షణ పొందిన వాలంటీర్లున్నారు, నష్టపరిహార నిధి ఉంది. అయినా మరో దారి లేనిచోట చంపడానికి అనుమతులు ఇస్తారు. ఇది నాకు బాధే, కానీ ఆ రైతును తప్పుపట్టలేను.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఎందరికో పెరటి వెనక వాగో వాననీటి కుంటో ఉంటుంది. మీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) మీటింగులో బీవర్ల సంగతి వచ్చి, బోను పెట్టే ట్రాపర్‌ను పిలుద్దామా అని ఓటు పెడితే, చేయెత్తే ముందు ఈ పని తెలిసిన మనిషికి ఆ చోటు చూపించారా అని అడగండి. గొట్టం వేయడానికి వీలుందంటే, దాన్ని ఏటా శుభ్రం చేయించే ఖర్చును ఆ రోజే బడ్జెట్‌లో రాయించండి.