చిత్రాంగి అబద్ధం

నమ్మినవాళ్లే ద్రోహం చేసే కథలంటే 1960ల చివర ఇటలీ సినిమావాళ్లకు మహా ఇష్టం. డబ్బున్న ఇల్లాలు, అందగాడైన ప్రియుడు, మర్యాదస్తుడైన భర్త, పడకగది, ఎక్కడో తళుక్కుమనే కత్తి. ఈ సరుకుతోనే శృంగార థ్రిల్లర్లు వరసగా తీశారు. కారల్ బేకర్ కథానాయికగా ఉంబెర్తో లెంజీ తీసినవి ఈ కోవలోవే.

వీటిలో పనితనం బాగా తెలిసేది సెర్జియో మార్తినో 1971లో తీసిన ‘మిసెస్ వార్ద్ వింత వ్యసనం’లో. ఎడ్విజ్ ఫెనెక్ వేసిన జూలీ భర్తతో కలిసి వియన్నా వస్తుంది. ఊళ్లో ఒక ఉన్మాది రేజరుతో ఆడవాళ్లను చంపుతుంటాడు. పాత ప్రియుడొకడు ఆమె వెంటపడుతుంటాడు. కొత్తగా పరిచయమైన జార్జ్ అండగా నిలుస్తాడు. సినిమా నడుస్తుండగానే ఉన్మాది చస్తాడు, జూలీ భయం మాత్రం తీరదు. ఆమె చావు కోరేది కట్టుకున్న భర్త, అండగా ఉన్న ఆ జార్జ్, ఇద్దరూ. భర్తకు బీమా సొమ్ము కావాలి, జార్జ్‌కు వారసత్వపు ఆస్తి కావాలి. ఒకరి హత్య ఇంకొకరు చేసిపెట్టాలని ఒప్పందం.

అంతకుముందే, 1955లో, ఫ్రెంచి దర్శకుడు క్లూజో ‘లే డియబోలిక్’లో ఈ దారి వేశాడు. భర్తను చంపడానికి భార్య, ఉంపుడుగత్తె చేతులు కలుపుతారు. చివరికి తేలేదేమిటంటే, గుండె జబ్బున్న ఆ భార్యను భయపెట్టి చంపడానికి మిగతా ఇద్దరూ ఆడిన నాటకమది.

ఇలాంటి కథ రుచి ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు సీమకు కొత్త కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లా. ఆ బళ్ళారిలోనే వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టి, ‘విషాద సారంగధర’ రాసి ఆడించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు.

కథ తెలిసిందే. పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్తాడు సారంగధరుడు. ఆమె మోహిస్తుంది, అతను కాదంటాడు. అవమానం పట్టలేక ఆమె అతని మీదే నింద వేస్తుంది. రాజరాజనరేంద్రుడు విచారించకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. కొన్ని రూపాల్లో చిత్రాంగికి పెళ్లికి ముందు చూపించింది సారంగధరుడి పటమే. ద్రోహం చేయకముందే ఆమె మోసపోయింది. 1957 సినిమాలో ఆ పాత్ర భానుమతి వేసింది, సారంగధరుడు ఎన్టీఆర్, రాజు ఎస్వీ రంగారావు.

ఇటలీ సినిమా ద్రోహిని చివరిదాకా దాస్తుంది. సారంగధర కథ ఏమీ దాచదు. అబద్ధం పుట్టడం ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు, తెలియంది రాజుకే. రాజు నోట ఆజ్ఞ వెలువడేలోగా ఎవరైనా నిజం చెబుతారేమోనని జనం ఉగ్గబట్టుకుని కూర్చుంటారు. కథ ముగింపు ఊరంతటికీ తెలిసినా ఆ ఉత్కంఠ తగ్గదు. దాచిన రహస్యం ఒక్కసారి చూస్తే అయిపోతుంది, తండ్రి తొందరపాటు ఎన్నిసార్లు చూసినా బాధిస్తుంది. రెండు పద్ధతులకూ పునాది మాత్రం ఒకటే. జార్జ్‌ను మనం నమ్మాలి, చిత్రాంగిని రాజు నమ్మాలి. నమ్మకాన్ని ఓపికగా కట్టని కథలో ద్రోహానికి విలువ ఉండదు. ఇప్పటి థ్రిల్లర్లు చాలావరకు తప్పేది ఇక్కడే. ఆఖరి మలుపు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా మొదటి గంట మీద పెట్టరు.

చిత్రాంగిలా ఒక ఆడమనిషి కోరికను బాహాటంగా పలకాల్సిన పాత్రను రామకృష్ణమాచార్యుల రోజుల్లో మగవాళ్లే ఆడవేషం కట్టి పోషించేవారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టినవాడు రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ. కొమ్మూరి పద్మావతీదేవి వంటి నటీమణులు ఆయనతో కలిసి రంగస్థలమెక్కారు.

ఈ సీమ పల్లెల్లో పద్యనాటకం ఇంకా బతికే ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు కళాకారులు ‘విషాద సారంగధర’ను మళ్లీ తలకెత్తుకోవాలి. చిత్రాంగి పాత్రను మంచి నటికి ఇచ్చి ఆడాలి. థ్రిల్లర్ రాయాలనుకునే కుర్రవాళ్లు తప్పక ముందు వరసలో కూర్చుని చూడాలి.