ఫ్లెక్సీలో కింది వరస

చనిపోయిన నటుడికి కట్టిన ఫ్లెక్సీని నేను కిందినుంచి పైకి చదువుతాను. పైన ఉండేది ఎక్కడైనా ఒకటే. నిలువెత్తు బొమ్మ, మెడలో అచ్చువేసిన దండ, అటూ ఇటూ అచ్చువేసిన దీపాలు, వెనక నీలిమబ్బులు, ‘అశ్రునివాళి’ అని పెద్దక్షరాలు. ఊరూరికీ మారేది కింది వరసే. బొటనవేలి గోరంత మొహాలు బారుగా ఉంటాయి. సెల్‌ఫోన్లో తీసుకున్నవి కొన్ని, పెళ్లి ఆల్బంలోంచి కత్తిరించినవి కొన్ని, రేషన్ కార్డు కోసం తీయించుకున్నవి కొన్ని. నల్లకళ్లద్దాలు తీయనివాడు ఒకడుంటాడు. కన్నీటి నివాళి అర్పిస్తూనే పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాళ్లు నలుగురుంటారు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా, పక్కన మా రామగిరి కొండల్లో గాలిమరల కింద ఉన్న పల్లెల్లోనూ, ఈ వరస చూసి ఆ ఊళ్లో ఎవరు ఎవరితో కలిసున్నారో, పోయినేడు పక్కపక్కనున్న ఏ ఇద్దరు ఈ ఏడు విడిపోయారో చెప్పేయొచ్చు.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ పోయారు. నెల్లూరు జిల్లాలో ఒక అభిమాని ఇంట పెళ్లికని తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి తనే కారు నడుపుకుంటూ బయల్దేరారు. నల్లగొండ దగ్గర అన్నేపర్తిలో ప్రమాదం జరిగింది. రథసారథిగా పేరుపడిన మనిషి, తండ్రి ఎన్టీఆర్ ప్రచారానికి తిరిగిన చైతన్యరథాన్ని రాష్ట్రమంతా నడిపిన మనిషి, స్టీరింగు దగ్గరే పోయారు. హిందూపురానికి ఆయన సినిమా మనిషి మాత్రమే కాదు. 1996లో తండ్రి స్థానంలో ఇక్కడి ఎమ్మెల్యే అయ్యారు. మా రామగిరికి ఇంకో చుట్టరికం కూడా ఉంది. మా మండలం వెంకటాపురం మనిషి పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా 1999లో వచ్చిన ‘శ్రీరాములయ్య’లో ఆయన వేషం కట్టారు. ఆయన ‘సీతయ్య’ చూసినవాళ్లకంటే ఆ సినిమా చూసినవాళ్లే మావైపు ఎక్కువంటే ఆశ్చర్యం లేదు.

ఆ మధ్యాహ్నం హిందూపురంలో ఒక ఫ్లెక్సీ షాపులో ఉన్నాను. చుట్టాల గృహప్రవేశం బ్యానరు పనిమీద పోయాను. అది ఆ రోజు అయ్యే పని కాదని గడపలోనే అర్థమైంది. కంప్యూటరు ముందు కుర్రాడు, అతని భుజాల మీదుగా వంగి ఆరుగురు, బయట బైకులమీద ఇంకో జట్టు. వాట్సాప్‌లో ఫొటోలు టంగుటంగుమని పడుతున్నాయి. పది అడుగులు బై ఎనిమిది సైజు.

“అన్నా, కిందోళ్లు ఇరవైరెండు మంది అయినారు. ఇంక ఎక్కిస్తే సారు మొహం తగ్గించల్ల,” అన్నాడు కుర్రాడు.

“తగ్గితే తగ్గనీలేప్పా. మా బామ్మర్ది ఫొటో తీసేస్తే ఈ రాత్రికి నాకు ఇంట్లో కూడు పెట్టరు,” అన్నాడు అభిమాన సంఘం అధ్యక్షుడు.

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. కుర్రాడు హరికృష్ణగారి మొహాన్ని పట్టి ఒక మూలనుంచి లోపలికి లాగాడు. బామ్మర్దికి చోటు దొరికింది.

ఇంతలో ఒకరి ఫోన్లో ఇంకో వార్త తెలిసింది. సెప్టెంబర్ 2 హరికృష్ణ పుట్టినరోజు. ఆ రోజు వేడుకలు చేయొద్దని, ఫ్లెక్సీలూ బ్యానర్లూ దండలూ వద్దని, ఆ డబ్బు కేరళ వరద బాధితులకు పంపమని ఆయన అభిమానులకు ఉత్తరం రాసి పెట్టారట. షాపులో కాసేపు మాటలేదు. తర్వాత వెనకనుంచి ఒకడు, “ఆ ఉత్తరాన్నే ఫ్లెక్సీ ఏయిద్దామన్నా,” అన్నాడు. తమాషాకు అనలేదు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

దీన్ని వెక్కిరించడం చాలా సులువు. పత్రికల్లో మాలాంటివాళ్లం ఏటా ఒకసారైనా ఆ పని చేస్తుంటాం. కానీ ఆ కింది వరసలో ఉన్నవాళ్లు ఎవరో తెలిసినవాడికి అంత తేలిగ్గా నోరు రాదు. ఒకడు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఒకడు చింతపండు మండీలో మూటలు మోస్తాడు. ఒకడు పట్టుగూళ్ల మార్కెట్టుకు ఆటో తోలతాడు. వీళ్ల ఫొటో పేపర్లో పడే సందర్భం ఒకటే, అది చూసుకోవడానికి వాళ్లు ఉండరు. బతికుండగా నలుగురు నడిచే దారిలో తమ మొహం, కింద పేరు, పేరుకు ముందు ఒక హోదా కనిపించేది ఈ వరసలోనే. సంఘంలో తొమ్మిదిమంది ఉంటే తొమ్మిదిమందికీ హోదా ఉంటుంది. ప్రచార కార్యదర్శి కానివాడు సహాయ ప్రచార కార్యదర్శి.

ఫ్లెక్సీ రాకముందు ఈ వరస లేదు. కారణం వినయం కాదు, ఖర్చు. అప్పట్లో బ్యానరంటే గుడ్డ, బొమ్మంటే పెయింటరు. మా చిన్నప్పుడు పెనుకొండలో ఒకాయన వేస్తుంటే స్కూలు ఎగ్గొట్టి చూసేవాళ్లం. ఫొటోమీద పెన్సిలుతో గళ్లు గీసేవాడు. సుద్దపొడి పట్టించిన దారాన్ని గోడకు బిగబట్టి వదిలితే ‘టప్’మని గీత పడేది. అలా అన్ని గళ్లూ కొట్టి, చిన్న గడిలో ఉన్నది పెద్ద గడిలోకి దింపేవాడు. ముక్కు ఒక గడిలో, మీసం కొస ఇంకో గడిలో. దగ్గరనుంచి చూస్తే రంగు మరకలే. రోడ్డు అవతలికి పోయి చూస్తేనే మనిషి. కళ్లు చివరికి ఉంచేవాడు. కనుపాపలో తెల్లచుక్క పెట్టాక కాని అది ఎన్టీఆరో కృష్ణో శోభన్‌బాబో తేలేది కాదు. అంత చాకిరీతో వేసే మొహం ఒక్కటే. దాని పక్కన బామ్మర్దికి చోటెక్కడిది? కింద సంఘం పేరు ఒక లైను, మూలలో పెయింటరు పేరు, అంతే. కంప్యూటరు వచ్చాక ఒక మొహం ఎక్కించినా ముప్పై ఎక్కించినా అడుగుల లెక్కే. మొహం చవకైంది, వరస పెరిగింది.

పెద్దాయన ఎన్టీఆర్ పోయినప్పుడు ఇంకా గుడ్డ బ్యానర్ల కాలమే. 1996 జనవరి 18 తెల్లవారుజాము. సంక్రాంతి వెళ్లి మూడురోజులు, వాకిళ్లలో ముగ్గులు పూర్తిగా చెరగలేదు. హిందూపురం 1985, 1989, 1994లలో వరసగా గెలిపించిన మనిషి. 1985లో గుడివాడ, నల్లగొండ కూడా గెలిచి ఈ ఊరినే ఉంచుకున్నాడు. 1989లో కల్వకుర్తి ఆయన్ని ఓడిస్తే ఈ ఊరు గెలిపించింది. కాబట్టి ఇక్కడ దుఃఖానికి హక్కు కూడా కలిసింది. కూడలి కూడలికీ ఒక కుర్చీ, కుర్చీమీద పటం, పటానికి బంతిపూల దండ, ముందు అగరొత్తులు, పక్కన మైకుసెట్టులో ‘దాన వీర శూర కర్ణ’ డైలాగుల క్యాసెట్టు. చావింట సుయోధనుడి సభ ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ గొంతు వినిపిస్తే చాలు. సొంత తండ్రి పోయినట్టు గుండు చేయించుకున్నవాళ్లున్నారు. చాలా ఇళ్లలో ఆయన రాముడి వేషం పటం అప్పటికే దేవుడి గూట్లో ఉండేది. దాన్ని తీసి చనిపోయినవాళ్ల పటాల పక్కకు మార్చాలా, అక్కడే ఉంచాలా అని ఆడవాళ్లు తర్జనభర్జన పడ్డారు. మా ఇంట్లో మార్చలేదు.

ఆ దుఃఖంలో ఒక చిక్కు కూడా ఉండింది. అంతకు అయిదు నెలల ముందే, 1995 ఆగస్టులో, పార్టీ చీలి ఆయన పదవి పోయింది. ఆయనకు ఎదురు నిలిచిన పక్షంలో కొడుకు హరికృష్ణ కూడా ఉన్నారు. దండ వేయడానికి వచ్చినవాళ్లలో ఎవరు ఆయన మనుషులు, ఎవరు కాదు అన్న గొడవలు కుర్చీల దగ్గరే జరిగాయి. చివరికి ఉప ఎన్నికలో హిందూపురం ఆ కొడుకునే గెలిపించింది. ఇంటి గొడవ ఇంట్లోవాళ్లు చూసుకుంటారు, మనకు ఆ రక్తం చాలు అన్నట్టుంది వరస. రాజకీయ పండితులు దాన్ని సానుభూతి అన్నారు. అది నివాళి అని నా లెక్క. దండ వేసే చేతులే ఓటూ వేశాయి.

నివాళి అంటే కన్నీళ్లనుకుంటారు గాని, సగం పని లెక్కలది. చందా పుస్తకం కొట్టించాలి. మైకుకు స్టేషన్లో పర్మిషన్ తెచ్చుకోవాలి. షామియానావాడికి అడ్వాన్సు, వంటమనిషికి బియ్యం లెక్క. మా వైపు అన్నదానమంటే చిత్రాన్నం, పెరుగన్నం. మే 28 పెద్దాయన జయంతి అయితే దానికి మజ్జిగ కుండలు తోడు. ప్రభుత్వాసుపత్రిలో పండ్లు పంచాలంటే ముందుగా నర్సమ్మను అడిగి, ఏ వార్డులో షుగరు రోగులున్నారో తెలుసుకోవాలి, అరటిపండ్లు అక్కడికి పోకూడదు. విగ్రహానికి దండ వేయడం ఇంకో విద్య. పెద్దాయన విగ్రహాలు చాలావాటికి చెయ్యి పైకెత్తి ఉంటుంది. దండను ముందా చేతికి తొడిగి, తర్వాత తల మీదుగా తిప్పి మెడలోకి జార్చాలి. తెలియనివాడు నిచ్చెన ఎక్కి నేరుగా తలమీద వేస్తాడు, అది చేతికి తట్టుకుని వేలాడుతుంది. కింద నాయకుడు పోజుపెట్టి ఎదురుచూస్తుంటాడు. అందుకే ప్రతి సంఘంలోనూ నిచ్చెన ఎక్కే మనిషి ఒకడు ఉంటాడు. వాడికి హోదా ఉండదు, వాడు లేకుండా కార్యక్రమమూ ఉండదు.

1982 మార్చిలో పార్టీ పెట్టి పెద్దాయన తొమ్మిది నెలల్లో అధికారంలోకి ఎలా వచ్చాడని ఢిల్లీవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆయనకు ఊరూరా చందా పుస్తకం కొట్టించడం, మైకు కట్టించడం, నిచ్చెన ఎక్కడం తెలిసిన కుర్రాళ్లు ముందే ఉన్నారు. సినిమా విడుదలకు నేర్చుకున్న పనిని వాళ్లు ఓట్లకు వాడారు.

మాది సరిహద్దు. హిందూపురం దాటితే గౌరిబిదనూరు. మడకశిర వైపు సగం ఇళ్లలో కన్నడమే. అందుకే 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభైయారేళ్లకే గుండెపోటుతో పోతే ఇక్కడా ఫ్లెక్సీలు లేచాయి. బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో పార్థివదేహాన్ని ఉంచితే రాత్రీ పగలూ వరస తెగలేదు. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ కూడా పోయి కన్నీళ్లు పెట్టుకుని వచ్చారు. 2006 ఏప్రిల్‌లో పునీత్ తండ్రి రాజ్‌కుమార్ పోయినప్పుడు అదే ఊళ్లో బస్సులు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దుఃఖం రోడ్డెక్కితే ఏమవుతుందో బెంగుళూరుకు ఒకసారి తెలిసింది. పదిహేనేళ్ల తర్వాత ప్రభుత్వం, కుటుంబం, అభిమానులు ముగ్గురూ ఆ పాఠం గుర్తుపెట్టుకున్నారు.

పునీత్ కళ్లు దానం చేశారు. తండ్రి కళ్లు కూడా అలాగే ఇచ్చారు, 1994 నుంచి రాజ్‌కుమార్ పేరుమీద ఐబ్యాంకు ఉంది. పునీత్ కార్నియాలను పైపొర, లోపొర విడదీసి నలుగురికి చూపు తెప్పించారు. ఆ తర్వాత కర్ణాటకలో వేల సంఖ్యలో నేత్రదాన పత్రాలు నింపారు. ఆ గాలి మా వైపూ వీచింది. మొన్నటి వర్ధంతికి మా దగ్గరి సంఘం చిత్రాన్నం పక్కన ఒక బల్ల వేసి, పత్రాలు పెట్టి కూర్చుంది. నాకు ముచ్చటేసింది, ఒక అనుమానమూ వచ్చింది. ఈ కాగితంమీద ఫొటో లేదు, హోదా లేదు. పైగా చనిపోయాక పని జరగాలి. ఆరు గంటల్లోపల కళ్లు తీసుకోవాలి. ఆ ఆరు గంటల్లో ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లు. రెప్పలు మూసి, తడిదూది వేసి, తలకింద దిండు పెట్టి, ఫ్యాను ఆపాలి. సంతకం పెట్టినవాడు అప్పుడు అక్కడ ఉన్నా మాట్లాడడు. ఇంట్లోవాళ్లు వద్దంటే కాగితం కాగితమే. మావైపు ఇళ్లలో ఆ సమయంలో ఏడుపులుంటాయి, చుట్టాలుంటారు, ‘కళ్లు లేకుండా పైకి పంపిస్తామా’ అనే పెద్దమనిషి ఒకరుంటారు.

అధ్యక్షుణ్ని అడిగాను, ఆ బామ్మర్ది అధ్యక్షుణ్నే. “ఎన్ని వచ్చినాయప్పా?”

“కాగితాలకేమన్నా, దండిగా వచ్చినాయి. ఇండ్లకాడికి పోయి ఆడోళ్లతో మాట్లాడేది ఇంక మొదలు పెట్టల్ల. మా ఇంట్లోనే నిన్నటి నుంచి మాటల్లేవు.”

“ఎవరు ఒప్పుకోలేదు? మీ ఆవిడా?”

“ఆయమ్మ ఒప్పుకునింది. బామ్మర్దే కుదరదంటాడు.”