డొల్ల గచ్చు, గట్టి చేయి

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో హైవే దిగి చింతపల్లి తీరం వైపు వెళ్తుంటే ఇళ్ళ ముందు గచ్చు తీరు మారుతూ వస్తుంది. రోడ్డు దగ్గర నున్నగా ఉన్నదే, సముద్రం దగ్గరయ్యేకొద్దీ పొరలు లేచి, కంకర తేలి కనిపిస్తుంది. గేటు ముందు ర్యాంపులో ఇనుము వేసి ఉంటే దాని మీద ఎర్రటి తుప్పు చారలు. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, భావనపాడు, బారువ ఎక్కడికెళ్ళినా ఇదే వరస. కొత్త గచ్చు వేసే మేస్త్రీలకు మన రెండు జిల్లాల్లో కొదవ లేదు. చెన్నై, హైదరాబాదుల్లో అపార్టుమెంట్లు లేపుతున్న చేతుల్లో సగం ఇక్కడివేనా అనిపిస్తుంది. కానీ పాడైన గచ్చుని మళ్ళీ నిలబడేలా బాగు చేసే పనివాళ్ళు వేరు. ఆ పని దగ్గరుండి చూసినవాళ్ళకు కొత్త ఇల్లు కట్టడం కాస్త తేలిక వ్యవహారంగానే కనిపిస్తుంది.

డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో స్థిరపడిన మన పిల్లలు కూడా ఇదే గోడు వినిపిస్తుంటారు. గరాజు ముందు డ్రైవ్‌వే నాలుగు చలికాలాలు దాటేసరికి పెచ్చులు ఊడుతోందని. మన తీరంలో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు, టొరంటోలో సముద్రపు గాలి లేదు. అయినా జబ్బు ఒక్క కుదురుదే. కాంక్రీటు పైకి రాయిలా ఉన్నా దాని నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. టొరంటోలో వాటిలో చేరిన నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగడ్డ అయితే 9 శాతం దాకా ఉబ్బుతుంది. రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, చలికాలమంతా పైపొరని లోపలినుంచి తోస్తూనే ఉంటుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఆ తోపిడిని ఇంకా పెంచుతుంది. ఇక్కడ ఉప్పుని ఎవరూ చల్లక్కర్లేదు, గాలే తెచ్చి పోస్తుంది. రంధ్రాల్లోంచి దిగిన ఉప్పు లోపలి చువ్వని పట్టుకుంటుంది. ఇనుము తుప్పుగా మారితే దాని మొదటి పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ లాంటి తుపాన్లు ఏడాదికి సరిపడా ఉప్పునీటిని ఒక్క రోజులో కొట్టి పోయాయి.

చలిదేశాల వాళ్ళకు వాళ్ళ జబ్బుకి మందు అనుకోకుండా దొరికింది. 1930లలో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మాత్రం చలికి చెక్కుచెదరకుండా నిలిచాయి. ఎందుకని ఆరా తీస్తే, ఆ సిమెంటు మర ఆడించేటప్పుడు పశువుల కొవ్వు కలిపారని తేలింది. ఆ కొవ్వు వల్ల కాంక్రీటులో కోట్లాది చిన్న గాలిబుడగలు ఏర్పడి, ఉబ్బే నీటికి చోటిచ్చాయి. ఇప్పుడు అక్కడ డ్రైవ్‌వే కాంక్రీటులో 5 నుంచి 7 శాతం దాకా గాలి కావాలనే కలుపుతారు. తుప్పుకి ఆ బుడగలు పనికిరావు. మన మందు వేరు: నీళ్ళు తక్కువ పోసి చిక్కగా కలిపిన కాంక్రీటు, చువ్వ మీద తగినంత మందం. సముద్రతీరపు వాతావరణంలో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలంటుంది ఐఎస్ 456 ప్రమాణం. పల్లెల్లో ర్యాంపు పగలగొట్టి చూస్తే బొటనవేలు మందం కూడా లేకుండా చువ్వ పలకరిస్తుంది.

మంచు, ఉప్పు వచ్చేలోపే మనిషి చేతి తప్పు ఇంకొకటి ఉంటుంది. కాంక్రీటు పోసిన కాసేపటికి పైకి నీరు ఊరుతుంది. ఆ నీరు ఆరేదాకా ఆగే ఓపిక లేక, పొడి సిమెంటు చల్లి అప్పటికప్పుడు నున్నగా రుద్దేస్తారు. ఇంటివారికి అద్దంలా కనిపించి ముచ్చటేస్తుంది. ఆ మెరిసే పొరకి కింద ఉన్నదానితో పట్టు ఉండదు, రెండేళ్ళలో అప్పడంలా లేచిపోతుంది. టొరంటోలో ఊడిన డ్రైవ్‌వేల్లోనూ చాలావాటికి మొదటి ముద్దాయి ఈ తొందరే.

మంచి మేస్త్రి వచ్చాక మొదట చేసే పని వినడం. చిన్న సుత్తి పట్టుకుని గొంతుకూర్చుని, జానెడు జానెడు దూరంలో గచ్చు మీద తడుతూ పోతాడు. గట్టి చోట ఖంగుమంటుంది. కిందపట్టు వదిలిన చోట బోలుగా, డొల్లగా పలుకుతుంది. పైకి ఏ పగులూ లేని చోట కూడా డొల్ల పలకవచ్చు. డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో బొగ్గుముక్కతో గీత గీసుకుంటాడు. ఇంటాయన చూపించిన పగులు అరచేతి మేర ఉంటే, మేస్త్రి గీసిన గీత తలుపంత ఉంటుంది. బేరం బెడిసేది ఇక్కడే. "పగిలినంత మేర పూసెయ్యి చాలు" అంటాడు ఇంటాయన. పని తెలిసిన మేస్త్రి ఒప్పుకోడు. చింతపల్లి దగ్గర ఒక పెద్ద మేస్త్రి అన్న మాట: "పూత పూస్తే రేపు సంకురాత్రి దాకా ఉంటాది బాబూ, మీదటి సంకురాత్రికి మళ్ళీ నన్నే పిలుస్తారు."

తర్వాత కోత. గీత వెంబడి కటింగ్ మిషన్‌తో నిలువుగా గాడి కొట్టి, లోపలిది ఉలీ సుత్తీ పెట్టి చెక్కుతాడు. అంచు నిలువుగా ఉండటంలోనే ఉంది కిటుకు. అంచుల దగ్గర మందం సున్నా అయ్యేలా పలచన చేసి కలిపేస్తే చూపుకి అతుకు కనపడదు గాని, ఆ పలచటి అంచు మీద మోటారు సైకిల్ చక్రం నాలుగుసార్లు ఎక్కితే చిట్లుతుంది. అంచు దగ్గర కూడా కనీసం అరంగుళం లోతు ఉంచుతాడు. చువ్వ కనిపిస్తే పని ఇంకా పెరుగుతుంది. చువ్వ పైభాగం గీకి వదిలేసేవాడు సగం మేస్త్రి. చువ్వ వెనక్కి వేలు దూరేంత చోటు తవ్వి, చుట్టూ తీగ బ్రష్షుతో తోమి, తెల్లటి ఇనుము కనిపించే దాకా పక్కకు చెక్కుతూ పోయేవాడు పూర్తి మేస్త్రి. దీనికి కారణం ఉంది. తుప్పు ఉన్న చోటే కొత్త సిమెంటు మాల్ పెట్టి ఆపేస్తే, ఉప్పు పీల్చిన పాత కాంక్రీటులో మిగిలిన చువ్వ అతుకు పక్కనే మరింత వేగంగా తుప్పు పడుతుంది. అతుకు నిలుస్తుంది, దాని చుట్టూ ఉన్నది ఊడుతుంది. ఊళ్ళో ఎన్ని ర్యాంపులు అలా లేవు!

చెక్కిన గుంటని మంచినీళ్ళతో కడుగుతారు. తీరపు ఊళ్ళలో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఈ మాట నొక్కి చెప్పాలి. ఇనుమున్న కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇసుకా అంతే. నాగావళి, వంశధార ఇసుకకి డబ్బు పెట్టడానికి వెనకాడి తీరపు దిబ్బల ఇసుక తట్టల్లో తెచ్చుకుంటే, ఉప్పుని మనమే లోపల పెట్టి పూడ్చినట్టు.

కడిగాక వెంటనే మాల్ వెయ్యరు. రాత్రంతా తడి గోనెలు కప్పి ఉంచుతారు. పొద్దున్న గోనె తీసి నిలిచిన నీళ్ళు గుడ్డతో అద్దేస్తారు. తడి ఉండాలి, నీరు ఉండకూడదు. ఆ చింతపల్లి మేస్త్రి మాటల్లోనే: "పాత గచ్చుకి దాహం తీర్సకపోతే కొత్త మాల్లో నీళ్ళు తాగేత్తాది." పొడి గచ్చు మీద మాల్ వేస్తే అడుగు పొర సిమెంటుకి గట్టిపడటానికి నీరు మిగలదు. నీరు నిలిచిన చోట వేస్తే పట్టు పలచనవుతుంది. ఆ రెండింటి మధ్య స్థితి ఎంతోసేపు ఉండదు, కాబట్టి అప్పటికే మాల్ సిద్ధంగా ఉండాలి.

మాల్ కలిపేది చాలాచోట్ల ఆడకూలీయే. ఒకటికి మూడు పాళ్ళ లెక్కన సిమెంటు, జల్లెడ పట్టిన ఇసుక పొడిగానే రంగు ఒక్కటయ్యే దాకా తిరగేసి, తర్వాత నీళ్ళు చెంబుతో కాదు, చేత్తో చిలకరిస్తుంది. గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందున నీరు కారకూడదు. ఈ లెక్క ఏ కొలపాత్రలోనూ లేదు, ఆమె అరచేతిలో ఉంది. కూలి లెక్కల్లో మాత్రం ఆమె ఇప్పటికీ "అందించే మనిషి".

గుంటలో ముందు చిక్కటి సిమెంటు పాలు బ్రష్షుతో రుద్దుతాడు. ఈ మధ్య అందులో లేటెక్సు కూడా కలుపుతున్నారు. అది ఆరకముందే మాల్ పడాలి. ఆరితే అదే అడ్డుపొర అవుతుంది. అంచుల్లోకి, చువ్వ వెనక్కి మాల్‌ని మడమతో, పిడికిలితో కూరి, గజంబద్దతో లాగి మట్టం చేస్తాడు. ఇక ఆగడం. ఊరిన నీటి మెరుపు పోయేదాకా బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు. ఇంటాయనకి అది బద్ధకంలా కనిపిస్తుంది. నిజానికి ఆ రోజు అతను చేసిన పనుల్లో ఖరీదైనది అదే. మెరుపు పోయాక చెక్కపలకతో ఒకసారి రుద్ది, ర్యాంపు అయితే కొబ్బరి ఈనెల చీపురుని వాలుకి అడ్డంగా తేలిగ్గా లాగుతాడు. ఆ గీతలు వానాకాలంలో కాలు జారకుండా, టైరు పట్టు తప్పకుండా కాపాడతాయి.

మొత్తం పైపొరే పోయి అడుగు గట్టిగా ఉంటే అతుకులు మాని, మీద పలచటి కొత్త పొర వేయడమే మేలు. చలిదేశాల్లో ఇందుకు పాలిమర్ కలిపిన సిమెంటు సంచులే దొరుకుతాయి, అర అంగుళం లోపు మందానికి. అక్కడైనా ఇక్కడైనా చాలామంది మరిచేది ఒకటుంది. పాత గచ్చులో ఉన్న జాయింటు కొత్త పొరలో కూడా సరిగ్గా ఆ గీత మీదే రావాలి. పైన కప్పేస్తే మొదటి ఎండాకాలానికే పగులు తన దారి తాను వెతుక్కుంటుంది.

ఇలాంటి మెలకువ కొత్తదేమీ కాదు. 1713 నాటి విజయనగరం కోటని కట్టింది సున్నంతో. సున్నపు కట్టడంలో సన్నటి చీలిక వస్తే వాననీటికి కరిగిన సున్నమే మళ్ళీ పేరుకుని దాన్ని కొంత పూడుస్తుంది. అలాంటి గోడకి పచ్చి సిమెంటు మాల్ పూస్తే, గట్టి అతుకు మెత్తటి గోడని చీల్చుకుని బయటపడుతుంది. గచ్చుకీ అదే సూత్రం: అతుకు పాతదానికి సరిజోడు కావాలి, పాతదాని మీద పెత్తనం చెయ్యకూడదు.

మనకున్న అదృష్టం కాలం. చలిదేశాల్లో చలికాలం వస్తే ఈ పని మూలపడుతుంది, 5 డిగ్రీల లోపు సిమెంటు గట్టిపడటం నత్తనడక అవుతుంది. మనకు కార్తీకం వెళ్ళి తుపాను భయం తగ్గాక, పుష్యమాసపు పొగమంచు పొద్దుల్లో ఎండ చురుక్కుమనదు, మాల్ నింపాదిగా గట్టిపడుతుంది. సంక్రాంతి ముగ్గులకి వాకిలి సిద్ధం చేసుకునే కాలమే గచ్చు అతకడానికి సరైన కాలం. తీరపు ఊళ్ళలో స్లాగ్ సిమెంటు వాడితే ఇంకా మంచిది, ఉప్పుని అది లోపలికి అంత తేలిగ్గా దిగనివ్వదు. కాకపోతే ఇలాంటి మిశ్రమ సిమెంట్లకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మామూలు సిమెంటుకైతే 7. మూడో రోజుకే గోనెలు తీసేసి బండి ఎక్కించే ఇళ్ళు బోలెడు, తిట్లు తినేది మాత్రం మేస్త్రి.

కాబట్టి ఈసారి మీ గచ్చు చూడటానికి మేస్త్రి వస్తే, చదరపు అడుగుకి ఎంత అని అడగకముందు అతను సుత్తితో తట్టి చూశాడో లేదో గమనించండి. ఎన్ని రోజులు తడపమంటాడో అడగండి. పది రోజులని చెప్పి, ఆ గోనెలు తడిపే బాధ్యత మీ మీద పెట్టినవాడికి అడిగిన కూలి ఇచ్చేయండి.