పుణె ప్రసంగానికి పీఠిక

పుణె జిల్లా న్యాయ గ్రంథాలయంలో 1952 డిసెంబరు 22న డాక్టర్ భీమరావ్ అంబేడ్కర్ చేసిన ఉపన్యాసం, ప్రజాస్వామ్యం సఫలం కావడానికి ముందుగా సమకూడవలసిన నియమాలేవో విచారించిన ఆ ప్రసంగం, ఇన్నాళ్ళకు ఈ చక్కని తెలుగులో మన చేతికి వస్తున్నది. కొలంబియాలో సెలిగ్మన్, డ్యూయీ వంటి ఆచార్యుల సన్నిధిని శాస్త్రాభ్యాసం చేసి, లండన్‌లో అర్థశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ మథించి, స్వతంత్ర భారత రాజ్యాంగ రచనాసంఘానికి అధ్యక్షత వహించిన ఆ మనీషి, ఈ ప్రసంగం చేసేనాటికి మంత్రిపదవిని వీడినవాడు, తొలి సార్వత్రిక ఎన్నికలలో బొంబాయిలో పరాజితుడు. అయినా ఇందులో ఓటమి చేదు కంటె పరిశీలకుని నిదానమే మిన్నగా కనిపిస్తుంది.

రక్తపాతం లేకుండా ప్రజల ఆర్థిక సామాజిక జీవనంలో విప్లవాత్మకమైన మార్పు తేగల పాలనా పద్ధతియే ప్రజాస్వామ్యమని నిర్వచించి, ఆయన ఏడు నియమాలను వరుసగా నిరూపిస్తారు. ఘోరమైన అసమానతలు ఉండరాదన్నది మొదటిది. ప్రతిపక్షాన్ని గురించిన భాగం నాకు మరీ ప్రీతిపాత్రం: అయిదేళ్ళకొకసారి ఓటరు ఇచ్చే తీర్పు చాలదనీ, పాలకుణ్ణి సభలో అనుదినం నిలదీసేవారు ఉండాలనీ చెబుతూ, ఇంగ్లండులో ప్రతిపక్ష నాయకునికి జీతమిచ్చి గౌరవించే సంప్రదాయాన్ని స్మరిస్తారు, ప్రకటనల రాబడి కోసం ప్రభుత్వానికే పెద్దపీట వేసే మన పత్రికలకు చురక కూడ అంటిస్తారు. రాజ్యాంగ నైతికతకు నిదర్శనంగా, దేవునివలె కొలిచే ప్రజలు కోరినా మూడవసారి అధ్యక్షపదవిని అంగీకరించని వాషింగ్టన్‌ను చూపుతారు. ప్రజల అంతస్సాక్షిని ప్రస్తావించేటప్పుడు, దక్షిణాఫ్రికాలో భారతీయుల పక్షాన నిలిచిన శ్వేతజాతి మతాచార్యుడు స్కాట్‌ను పేర్కొంటారు. అపాయం బయటినుంచి దండెత్తి రానక్కరలేదనీ, గెలిచినవారి నడవడిలోనే అది పుట్టగలదనీ ఈ ప్రసంగమంతటా నాకు వినిపించే ధ్వని.

తెలుగువారు ఈ తేదీని ఒకసారి తేరిపార చూడాలి. అప్పటికి వారం క్రితమే మదరాసులో పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణ చేశారు. ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వెలువడి మూడు రోజులైంది. రాజ్యాంగ మార్గాలు తెరచి ఉండగా సత్యాగ్రహానికి తావు లేదని 1949 నవంబరులో రాజ్యాంగసభలో హెచ్చరించిన వ్యక్తి, ఉపవాసదీక్ష ఫలించిన ఆ రోజులలో ఈ మాటలాడారంటే, మనకు కొంత ఇబ్బందే. ఆ ఇబ్బందిని దాటవేయక చదవడమే మర్యాద. మరి మూడు వారాలకు, 1953 జనవరి 12న, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది.

అనువాదకురాలు నా శిష్యురాలికి శిష్యురాలు. మహారాష్ట్ర ప్రభుత్వం వెలువరించిన సంపుటాలలోని పాఠాన్ని పంక్తి పంక్తీ సరిచూసి, వక్త గొంతులోని వ్యంగ్యం జారిపోకుండ కాపాడిన ఆమె శ్రమ శ్లాఘనీయం. అధస్సూచికలు మాత్రం కొన్నిచోట్ల మూలం కంటె దీర్ఘమైనాయి. కొంత తగ్గించవచ్చును గదా అన్నాను. స్కాట్ ఎవరో ఈనాటి విద్యార్థికి ఎవరు చెబుతారు మాస్టారూ అని ఆమె అడిగినప్పుడు నేను మారుపలకలేదు.