నీలి రంగులో భాస్వరం లెక్క

జీవశాస్త్ర పరిశోధనలో రసాయన శాస్త్రానికి ఉన్న స్థానం అనగానే మందుల తయారీ ముందుగా గుర్తుకు రావడం సహజమే. అయితే మందు పుట్టడానికి చాలా ముందే, జీవి లోపల ఏ పదార్థం ఎంత ఉన్నదో, ఏ రూపంలో ఉన్నదో తేల్చి చెప్పే పనిని రసాయన శాస్త్రం తన మీద వేసుకుంటుంది. ఆ కొలత సరిగా లేనిచోట మిగిలిన శాస్త్రాలన్నీ ఊహల మీద నడవవలసి వస్తుంది. సిద్దిపేట జిల్లా వర్గల్ ప్రాంతంలో ఈ మాటకు సాక్ష్యం కోసం పెద్ద పరిశోధనాలయాల దాకా వెళ్లనక్కరలేదు, భూసార పరీక్షకు పంపే గుప్పెడు మట్టి చాలు.

పత్తి, మొక్కజొన్న, కూరగాయలు పండే చెలకల్లో రైతు డీఏపీ చల్లుతాడు, కాని ఆ ఎరువులోని భాస్వరంలో మొక్క వేరుకు అందేది ఎంత, మట్టిలో కాల్షియంతోనో ఇనుముతోనో కలిసి బిగుసుకుపోయేది ఎంత అన్నది కంటికి కనిపించే విషయం కాదు. తటస్థ, క్షార నేలలకు వాడే ఓల్సెన్ పద్ధతిలో, ఆరబెట్టి జల్లెడ పట్టిన రెండున్నర గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో వేసి, అరగంట పాటు కుదిపి, వడపోత కాగితం గుండా వడకడతారు. వడకట్టిన ద్రవానికి ఆమ్లం చేర్చగానే నురగ పొంగుతుంది, అది తగ్గే దాకా ఆగాలి. ఆ తరువాత అమ్మోనియం మాలిబ్డేట్, దాని వెంట ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, కలిపితే ద్రవం మెల్లగా నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కనవుతుంది, ఆ చిక్కదనాన్ని కలరీమీటర్ అంకెగా చూపిస్తుంది. మట్టి రంగును తొలగించడానికి వాడే బొగ్గుపొడిలోనే భాస్వరం మిగిలి ఉంటే ఆ అంకె తప్పుతుంది, ఆ తప్పు రైతు ఎరువుల ఖర్చులోకి చేరుతుంది. రసాయన శాస్త్రజ్ఞుడి శ్రద్ధ అంతా ఇటువంటి చిన్న చోట్లనే ఉంటుంది.

ఇదే నీలానికి తెలుగువారి చరిత్రలో ఒక గొప్ప అధ్యాయం ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ వైద్య కళాశాలకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, అక్కడి సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కండరంలోనూ ఉండే భాస్వరాన్ని మాలిబ్డినం నీలం ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతిని కండరపు రసం మీద ప్రయోగించినప్పుడు నీలం రావలసినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా, క్రమంగా చిక్కబడింది. మరొకరైతే దానిని పద్ధతిలోని లోపమనుకుని పక్కన పెట్టేవారేమో గాని, ఆ ఇద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయి భాస్వరాన్ని వదులుతున్న ఒక సమ్మేళనం కండరంలో ఉన్నదని, అది క్రియాటిన్‌తో ముడిపడిన ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో తేల్చారు. కండరం శ్రమించినప్పుడు అది తరుగుతుందని, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుందని తెలియడంతో, కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం పునాది కదిలింది. కణాలు తమ పనులకు వాడుకునే శక్తిని అందించే ఏటీపీ అనే అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఈ ఇద్దరూ వేర్వేరుగా వెలికితీశారు.

సుబ్బారావు తరువాతి కృషి, కొలత నుంచి నిర్మాణానికి సాగిన మార్గం. లెడర్లీ సంస్థలో ఆయన బృందం రక్తహీనతకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువులో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ సమూహాన్ని తీసి అమైనో సమూహాన్ని పెడితే, కణాల పెరుగుదలకు తోడ్పడే విటమిన్ కాస్తా ఆ పెరుగుదలను అడ్డుకునే అమైనోప్టెరిన్ అయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుకలో ఉంది. తెలంగాణ పల్లెల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన నాయకత్వంలో వెలువడినదే. అది మింగిన ఎందరికి ఆ పేరు తెలుసో గాని, తెలియవలసిన పేరు.

వర్గల్ నుంచి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ వైపు వెళితే, దారిలో తుర్కపల్లి చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ వస్తుంది. అక్కడి భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌ను జీవశాస్త్ర విజయంగానే అందరూ చెప్పుకుంటారు, వైరస్‌ను పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసి అందించింది గనుక ఆ మాట నిజమే. అయితే ఆ వైరస్ శరీరంలో వృద్ధి చెందకుండా చేసినది బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనం. రోగనిరోధక శక్తి గట్టిగా స్పందించడానికి టీకాలో కలిపిన సహాయకంలో, అంటే టీకా ప్రభావాన్ని పెంచే పదార్థంలో, ఒక చిన్న కృత్రిమ అణువు ఉంది. దానిని తయారుచేసే పద్ధతిని రూపొందించడంలో తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ, పాలుపంచుకుంది. 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన ఆ టీకాలో వైరాలజీ ఎంతో, కర్బన రసాయన శాస్త్రమూ అంతే.

ఇంతటి కలయిక కళ్లెదుట ఉండగా, డిగ్రీ స్థాయిలో రసాయన శాస్త్రం ఒక గదిలో, వృక్షశాస్త్రం మరొక గదిలో వేర్వేరు రికార్డు పుస్తకాలతో నడవడం బాధాకరం. పరిశోధనలోనూ, నమూనాలన్నీ సేకరించాక, ఇందులో ఏముందో చూసి చెప్పమని చివరలో రసాయన శాస్త్రజ్ఞుడిని పిలవడం తరచుగా జరుగుతుంది. అప్పటికి నమూనాను నిల్వచేసిన తీరులోనే కొలవవలసినది కరిగిపోయి ఉండవచ్చు. కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ అంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి అది సులభంగా విడిపోవడమే ఒక కారణం.

వర్గల్‌కు దగ్గరలోని ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, చుట్టూ కూరగాయల చేలున్నాయి, ప్రయోగానికి కావలసిన రసాయనాలు ఏ కళాశాల అలమరలోనైనా దొరికేవే. ఈ ప్రాంతపు రసాయన, వృక్షశాస్త్ర అధ్యాపకులు ఈ వానాకాలంలో ఒక్క చేను మట్టినైనా విద్యార్థుల చేత కలిసి పరీక్షింపజేయాలి, వచ్చిన అంకెను విత్తనం వేయకముందే ఆ రైతుకు అందజేయాలి.